నాయిన తట్ట మోసిన ఊరికే నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది, పోవాలా?

పాలమూరు ప్రాంతంలో కోస్గి వైపు ఒక పల్లె నుంచి ఇరవై నాలుగేళ్ల అబ్బాయి రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు. పేరు, ఊరు వేయొద్దన్నాడు కాబట్టి కుదించి ఇస్తున్నాను.

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఈ మధ్యే పూర్తయింది. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది, పీహెచ్‌డీకి గైడ్ కూడా ఒప్పుకున్నారు. ఇంతలో ఒక పెద్ద విదేశీ బ్యాంకు ముంబై ఆఫీసు నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. పోస్టు క్వాంట్ అనలిస్ట్ (లెక్కలతో ధరలూ రిస్కూ అంచనా కట్టే పని), టీమ్ మోడల్ వ్యాలిడేషన్ (ఆ లెక్కలు సరిగా ఉన్నాయా అని పరీక్షించేది), ఏడాదికి 24 లక్షలు. పది రోజుల్లో జవాబు చెప్పాలి. ఇంట్లో అక్క పెళ్లికి తెచ్చిన అప్పు నాలుగున్నర లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. మూడెకరాల వానాధారం చేను. తండ్రి పదిహేనేళ్లకు పైగా అడ్వాన్స్ ఇచ్చి కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ కింద బొంబాయిలో మట్టి పని చేసి, నడుం పోయి ఊరికి వచ్చేశాడు. చిన్నాయన అక్కడే స్లాబు పనిలో పైనుంచి పడి చనిపోయాడు. అప్పటినుంచి తల్లి ముందు బొంబాయి పేరెత్తితే అన్నం ముద్ద దిగదు. పీహెచ్‌డీ గైడ్‌కి ఆఫర్ సంగతి చెబితే, "లెక్కలు నేర్చుకుంది బ్యాంకుల జూదానికి సాయం చేయడానికా?" అన్నారట. ఇంటర్వ్యూలో ఒకాయన ఇంగ్లిష్ అర్థం కాలేదని రెండుసార్లు మళ్లీ చెప్పించారు, అందుకని చేరినా నిలబడలేనేమోనని టెన్షన్. చివర్లో ఒక వాక్యం ఉంది: "ఆఫర్ సంగతి చెప్తే మా నాయిన అడిగిన ఒక్క మాట, ఆ బ్యాంకు బిల్డింగు యే జాగల ఉంది, మేము కట్టిందేనేమో అని. నాకు ఏం చెప్పాలో తెలియలేదు మేడం."

*

నా చిన్న కొడుకు నీకన్నా పెద్దవాడు, అందుకని 'నువ్వు' అనే రాస్తాను. ఏమనుకోకు.

డబ్బా, చదువా అని ఒక్క ప్రశ్న అడిగావు. నాకు అందులో అప్పు వేరుగా, అమ్మ భయం వేరుగా, సార్ అన్న మాట వేరుగా కనబడ్డాయి. నువ్వు వాటన్నిటినీ కలిపి ఒకే ముడి వేసుకున్నావు. అప్పు దగ్గర మొదలుపెడదాం. లెక్కలు నీకు నాకన్నా బాగా వచ్చు కానీ, సొంత ఇంటి అప్పు అనేసరికి ఎవరికైనా లెక్క తప్పుతుంది.

"పీహెచ్‌డీలో చేరితే అప్పు తీరదు" అని రాశావు. తీరుతుంది. నాలుగున్నర లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 9,000. జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000. హాస్టల్లో ఉంటూ నెలకి 20,000 ఇంటికి పంపగలిగితే రెండున్నరేళ్లలో అసలుతో సహా తీరిపోతుంది. కాగితం పెట్టుకుని వేసి చూడు. ఫెలోషిప్ డబ్బులు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా వస్తాయన్నది నిజమే. అప్పిచ్చినాయన మాత్రం ఒకటో తారీఖు మర్చిపోడు. ఆ గ్యాప్ తట్టుకోవడానికి మొదట్లోనే మూడు నెలల వడ్డీ పక్కన పెట్టుకోవాలి. కష్టమే, కానీ అయ్యే పనే.

ఇప్పుడు బ్యాంకు వైపు చూడు. నువ్వు పంపిన కాగితం ప్రకారం ఆ 24 లక్షల్లో ఫిక్స్‌డ్ 18 లక్షలు. బ్యాంకు వేసే పీఎఫ్ వాటా లక్షా ఎనిమిది వేలు, అది ఇప్పుడు చేతికి రాదు. గ్రాట్యుటీ 43 వేల చిల్లర, అది మామూలుగా ఐదేళ్లు పనిచేస్తేగాని రాదు. ఏడాది చివరి బోనస్ "3 లక్షల దాకా". దాకా అంటే సున్నా కూడా అందులోదే. జాయినింగ్ బోనస్ లక్షన్నర, ఒక్కసారే. 2025-26 స్లాబుల ప్రకారం కొత్త పద్ధతిలో 18 లక్షల జీతం మీద పన్ను లక్షన్నర చుట్టూ పడుతుంది. అదీ, నీ పీఎఫ్ వాటా కూడా పోను నెలకి లక్షా ఇరవై ఐదు వేలు, మహా అయితే ఇంకో రెండు మూడు వేలు అందుతాయి. నువ్వు రాసినట్టు "నెలకి రెండు లక్షలు" రావు. ముంబైలో అద్దె, తిండి, రైలు ఖర్చు తీసేసి 60,000 పంపావనుకుంటే అప్పు తొమ్మిది నెలల్లో పోతుంది.

అంటే నీ ముందున్న తేడా తొమ్మిది నెలలకీ రెండున్నరేళ్లకీ మధ్య. చిన్న తేడా అనను. నడుం పోయిన మనిషి ఆ రెండున్నరేళ్లూ చేనుకి పోవాలి. కానీ ఉత్తరంలో నువ్వు దాన్ని చావుబతుకుల సమస్యలా రాశావు, అంత కాదు. ఇంకో దారి కూడా ఉంది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. జీతం స్లిప్పు చేతికొచ్చాక బ్యాంకు అప్పు అంతకన్నా చాలా తక్కువకి దొరుకుతుంది, దాంతో ఈ అప్పు మూసేయొచ్చు. పీహెచ్‌డీలోనే చేరితే అమ్మ మహిళా సంఘంలో ఉందేమో కనుక్కో. అక్కడి వడ్డీ కూడా దీనికంటే తక్కువే.

ఇక ఆఫర్ లెటర్ తొమ్మిదో పేరా. దాన్ని నువ్వు చదివావో లేదో గానీ నా చూపు అక్కడే ఆగిపోయింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1994లో నేను మక్తల్ వైపు ఒక బ్యాంకు బ్రాంచిలో క్లర్కుని. పీర్ల పండక్కి బొంబాయి బస్సులు దిగేవి, మర్నాడు మా కౌంటర్ నిండేది. ఒకతను డబ్బు కట్టడానికి కాకుండా ఒక చీటీ చదివించుకోవడానికి వచ్చాడు. సిగరెట్ పెట్టె అట్ట చింపి, వెనక పెన్సిల్‌తో మేస్త్రీ రాసిచ్చిన లెక్క. పైన అడ్వాన్స్ 6,000. కింద వరసగా బస్సు ఛార్జీ, బియ్యం, దవాఖాన, మళ్లీ దవాఖాన, 'నాగా' అని పదకొండు రోజులు. అన్నిటికన్నా కింద గీత గీసి 1,900. ఏడాది పని చేసి వచ్చాక మేస్త్రీ ఇంకా ఇవ్వాల్సిన డబ్బు అనుకున్నాడతను. అది అతను మేస్త్రీకి కట్టాల్సింది. చెప్పాను. చీటీని మళ్లీ మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, "అయితే మల్ల పోవాల్నా?" అన్నాడు. నన్ను కాదులే, తనలో తానే అనుకున్నాడు.

నీ తొమ్మిదో పేరాలో ఏముందంటే, చేరిన పన్నెండు నెలల్లోపు నువ్వు మానేస్తే జాయినింగ్ బోనస్ మొత్తం వెనక్కి కట్టాలి. పన్నెండో పేరాలో నోటీసు 90 రోజులు. ఈ రెండూ నాయినకి చదివి వినిపించు. ఫైనాన్స్ ఏమీ అక్కర్లేదు, అడ్వాన్స్ అన్న ఒక్క మాటతో ఆయనకి అంతా అర్థమైపోతుంది. నీకూ ఆ రోజుల కూలీకీ ఒకటే అని నేను అనడం లేదు. నీ లెక్క నువ్వే చదువుకోగలవు, వద్దనుకుంటే డబ్బు కట్టేసి బయటికి రాగలవు. కానీ ఆ డబ్బు చేతిలో ఉంటేనే కదా కట్టేది! అక్కడే చాలామంది పిల్లలు ఇరుక్కుంటారు. చేరిన నెలలోనే జాయినింగ్ బోనస్ అప్పుకి కట్టేస్తారు, ఆరో నెలలో మేనేజర్‌తో పడదు, కదలడానికి ఉండదు.

లక్షన్నరలో పన్ను పోను నీకు అందేది సుమారు లక్షా ఇరవై వేలు. దాన్ని ఏడాదిపాటు ముట్టుకోకుండా పెడితే, ఆ మేరకు ఊరి అప్పు మీద నెలకి 2,400 వడ్డీ అదనంగా పోతుంది. అప్పుకి కట్టేస్తే ఆ 2,400 మిగులుతుంది, కానీ ఏడాదిదాకా ఆ కుర్చీకి కట్టుబడి ఉంటావు. నేనైతే పక్కన పెట్టుకుంటాను. నువ్వు వేరేలా అనుకోవచ్చు, తప్పేం లేదు. అయితే ఒక్కటి మాత్రం ముందే అడుగు: వెనక్కి కట్టాల్సి వస్తే పన్నుతో కలిపి లక్షన్నరా, లేక చేతికొచ్చినంతేనా?

సరే, సార్ అన్న మాట. అది నిన్ను బాగా కుట్టింది, ఉత్తరంలో మూడుచోట్ల రాశావు. జూదమా కాదా అనేముందు నువ్వు చేయబోయే పనేంటో చూద్దాం. ఇది అమ్మానాన్నలకి చెప్పడానికి కూడా పనికొస్తుంది.

నాయిన పత్తి పెట్టాడనుకో. ఇంకో రెండు నెలల్లో బాదేపల్లి యార్డుకి తీసుకెళ్తాడు. ఈలోపు ఒక సేటు వచ్చి, "ఇప్పుడు క్వింటాకి 200 ఇయ్యి. రెండు నెలలకు ధర 7,000 కింద పడితే నేను 7,000కే కొంటా. ఎక్కువుంటే నువ్వు యాడనన్న అమ్ముకో" అన్నాడు. ఆ 200 న్యాయమైన ధరేనా? 120 సరిపోతుందా, 350 ఉండాలా? పత్తి ధర ఎంత ఊగుతుంది, గడువు ఎంత, వడ్డీ ఎంత అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇలాంటి హక్కుకి ధర కట్టే సూత్రాన్ని 1973లో బ్లాక్, షోల్స్ అనే ఆర్థికవేత్తలు అచ్చులో పెట్టారు, మెర్టన్ ఇంకా ముందుకి తీసుకెళ్లారు. బ్యాంకులు పత్తి బదులు డాలర్ మీదా వడ్డీ రేట్ల మీదా వేల కోట్లలో ఇదే చేస్తాయి. ధర కట్టే మోడల్ రాసేవాళ్లు ఒక టీమ్. ఆ మోడల్ సరిగా ఉందా, ఏ పరిస్థితిలో విరిగిపోతుంది అని తవ్వి చూసేవాళ్లు ఇంకో టీమ్. నీకొచ్చింది ఆ రెండోది. సేటు 200 అన్నప్పుడు "ఎట్ల కట్టినవ్?" అని అడిగే పని.

ఆ పని ఎందుకు పుట్టిందో తెలిస్తే సార్ మాటకి జవాబు దొరుకుతుంది. షోల్స్‌కీ మెర్టన్‌కీ 1997లో నోబెల్ వచ్చింది. వాళ్లిద్దరూ భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ కేపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండు మరుసటి ఏడాదే కూలిపోబోయింది. అమెరికా కేంద్ర బ్యాంకు న్యూయార్క్ శాఖ పెద్ద బ్యాంకులన్నిటినీ పిలిచి కూర్చోబెడితే 14 సంస్థలు కలిసి సుమారు 360 కోట్ల డాలర్లు పెట్టి గట్టెక్కించాయి. 2008 సంక్షోభం సంగతి నీకు తెలుసు. అవన్నీ చూశాక 2011లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, అక్కడి ఇంకో నియంత్రణ సంస్థ ఓసీసీ కలిసి బ్యాంకులకి మోడళ్ల మీద మార్గదర్శకాలు ఇచ్చాయి. మోడల్ తయారుచేసినవాళ్లతో సంబంధం లేనివాళ్లు దాన్ని పరీక్షించాలి, గట్టిగా ప్రశ్నించాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. నీ ఉద్యోగం అక్కడినుంచి వచ్చింది. కాబట్టి సార్‌తో వాదించాలనుకుంటే నీ దగ్గర సరుకు ఉంది.

కానీ ఆయన పూర్తిగా తప్పని కూడా అనను. మరుసటి ఏడాదే, 2012లో, అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్ లండన్ ఆఫీసు ట్రేడింగ్‌లో 600 కోట్ల డాలర్లకు పైగా పోయింది. నష్టం ఎంతదాకా రావచ్చో అంచనా కట్టే కొత్త మోడల్‌ని ఎక్సెల్ షీట్లలో, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చేత్తో కాపీ చేస్తూ నడిపారు. ఒకచోట రెండు రేట్ల సగటుతో భాగించాల్సింది కూడికతో భాగించారు. కూడిక సగటుకి రెట్టింపు కదా, ఊగిసలాట సగమే కనబడింది. ఆ మోడల్ కూడా పరీక్షించే టీమ్ చేతుల మీదుగా పోయినదే. టీమ్ ఉంది, గట్టిగా అడగడమే జరగలేదు.

ఇది లండన్ వాళ్ల గురించి చెప్పడం తేలిక. నా గురించి చెప్తాను. అప్పుల విభాగంలో ఉన్నప్పుడు ఒక రైస్ మిల్లు ఫైలు నా దగ్గరికి వచ్చింది. ఏడాదికి మిల్లు ఎన్ని రోజులు ఆడుతుంది అన్నచోట 300 వేసి ఉంది. ఆ కాలువ కింద నీళ్లు వచ్చేది ఒక పంటకో, ఒకటిన్నర పంటకో, 180 దాటదని నాకు తెలుసు. అడిగాను. పైఆఫీసర్ నవ్వి, "ఇవాళ సాయంత్రం లోపు పోవాలమ్మా" అన్నాడు. సంతకం పెట్టాను. మూడేళ్లకి ఆ అప్పు మునిగింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకని నీ విషయంలో నాకు జూదమా కాదా అన్నదానికన్నా వేరే సంగతులు కావాలి. నువ్వు ఈ మోడల్ బాగాలేదు అని రాస్తే అది ఆగుతుందా, లేక నీ రిపోర్టు ఫైల్లో పడుకుంటుందా? నీ టీమ్ పెద్ద ఎవరికి జవాబుదారీ, ట్రేడింగ్ వైపా, రిస్క్ వైపా? పోయిన ఏడాది ఎన్ని మోడళ్లని వెనక్కి పంపారు? ఆఖరిదానికి సూటిగా జవాబు చెప్పినా, నసిగినా, నీకు సమాచారమే. ఇంకోటి కూడా అడుగు, ఇది కొంచెం నిరుత్సాహంగా ఉంటుంది: రోజులో ఎంతసేపు లెక్క, ఎంతసేపు డాక్యుమెంట్ రాయడం? ఈ పనిలో రాత చాలా ఎక్కువ. కొన్ని టీముల్లో సొంతంగా మోడల్ మళ్లీ కట్టి చూస్తారు, పైథాన్, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ తెలిసిన చేతికి పని దొరుకుతుంది. కొన్నిటిలో పోయినేటి రిపోర్టులో తేదీలు మార్చడమే. రెండిటికీ పోస్టు పేరు ఒకటే ఉంటుంది.

జవాబులు మొదటి రకంగా వస్తే, రెండేళ్లు చేసి చూడటంలో నష్టం తక్కువ. అప్పు తీరుతుంది, నాయిన కూర్చుంటాడు. తర్వాత పీహెచ్‌డీకి తిరిగి రావచ్చా? కాగితం మీద రావచ్చు. జేఆర్‌ఎఫ్ అవార్డ్ లెటర్‌లో ఎప్పటిలోపు చేరాలో తేదీ ఉంటుంది, ముందు అది తీసి చూడు. ఆ తేదీ దాటితే ఫెలోషిప్ కోసం మళ్లీ పరీక్ష రాయాలి. అంతకన్నా పెద్ద అడ్డం, లక్షా ఇరవై ఐదు వేలకి అలవాటు పడ్డ ఇల్లు నలభై వేలకి దిగడం. దిగినవాళ్లు ఉన్నారు, తక్కువమంది.

పీహెచ్‌డీ ముందు పెట్టుకుంటే ఆ తర్వాత బ్యాంకు తలుపు మూసుకోదు. పరిశోధన తరహా క్వాంట్ పోస్టులకి పీహెచ్‌డీ వాళ్లనే ఎక్కువగా చూస్తారు. కానీ అది ఐదేళ్ల ఖర్చు, పైగా అప్పటి మార్కెట్ ఎలా ఉంటుందో ఇవాళ ఎవరూ చెప్పలేరు. ఒక షరతు కూడా ఉంది: టాపిక్ మీద నీకు నిజంగా ఆకలి ఉండాలి. నాలుగు పేజీల ఉత్తరంలో నీ రీసెర్చ్ టాపిక్ ఏంటో ఒక్క ముక్క రాయలేదు. గైడ్‌కి కోపం వస్తుందని రాశావు, అమ్మ బాధపడుతుందని రాశావు. ఆ టాపిక్ పేరు ఎందుకు రాయలేదో నువ్వే ఆలోచించుకో. మర్చిపోయి ఉండొచ్చు కూడా.

నన్ను గుచ్చి అడిగితే, టాపిక్ మీద ఆకలి లేకపోతే ఉద్యోగం వైపే మొగ్గుతాను. ఉంటే మాత్రం అప్పు వంక పెట్టి దాన్ని వదులుకోకు. పైన లెక్క చూశావు కదా.

ఇంగ్లిష్ సంగతి. రెండుసార్లు మళ్లీ చెప్పించారు, అయినా ఆఫర్ ఇచ్చారు. వాళ్లకి కావాల్సింది దొరికింది. రాత మాత్రం సాధన చెయ్యి, మాట దానంతటదే వస్తుంది. నేను తెలుగు మీడియమే, బ్యాంకు పని మీద ముంబైలో ఉన్నప్పుడు మీటింగుల్లో ఐదారు నెలలు నోరు తెరవలేదు. ఏడో నెల నుంచి నన్ను ఆపడం వాళ్లవల్ల కాలేదు.

అమ్మ విషయంలో నీకు తోచని దారి ఒకటి ఉంది. ఇలాంటి విదేశీ బ్యాంకులు చాలావాటికి హైదరాబాద్‌లో కూడా పెద్ద ఆఫీసులు ఉన్నాయి. ఇదే పని అక్కడ ఉందా అని ఒక్క మెయిల్ పెట్టు. అడిగినంత మాత్రాన ఆఫర్ వెనక్కి తీసుకోరు. ఉంటే మూడు గంటల బస్సు, శనివారం రాత్రికి ఇంట్లో ఉంటావు. అయితే టీమ్ పెద్దలు ముంబైలో ఉండి నువ్వు హైదరాబాద్‌లో ఉంటే, మొదటి ఏడాది నేర్చుకునేది తగ్గుతుంది, బోనస్ టైములో కంటికి ఆనవు. లేదు, ముంబైయే అంటే, అమ్మకి ఫోన్‌లో ఒప్పించకు. ఊరికి పోయి, పక్కన కూర్చుని, చిన్నాయన మాట నువ్వే ఎత్తు. ఆమె వినాల్సింది ఏసీ గురించో జీతం గురించో కాదు. నువ్వు ఎన్నో అంతస్తులో కూర్చుంటావు, కిటికీకి అద్దం ఉంటుందా, ఇలాంటివే అడుగుతుంది. విసుక్కోకుండా చెప్పు.

పది రోజుల్లో నాలుగు పోస్టులోనే పోయాయి. సోమవారం పొద్దున్నే హెచ్ఆర్‌కి ఈ ప్రశ్నలన్నీ మెయిల్ చెయ్యి, ఇంకో వారం గడువు కూడా అడుగు. ఫోన్ చేసి "అన్నీ బాగుంటాయి, చేరిపోండి" అంటారు. సరేనని, అదే మెయిల్‌లో పంపమను. అవి వచ్చాక కావాలంటే మళ్లీ రాయి. నాయినకి బిల్డింగు అడ్రసు చెప్పావో లేదో అది కూడా రాయి. ఆఫర్ లెటర్ మొదటి పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉంది.